చిగుళ్ల మీద నీలిగీత

పరాంకుశంగారు దంతవైద్య కళాశాలలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పారు గానీ, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఒక ఉదయం నేనూ ఆయన గదిలో ఉండగా, నా తోటి శిష్యురాలు హిమజ రెండు టూత్‌పేస్టులు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. పళ్లు జివ్వుమంటున్నాయని వచ్చిన మనిషొకడు బయట కూర్చుని ఉన్నాడు.

“సార్, పొటాషియం నైట్రేటు ఉన్నది నొప్పి తెలియకుండా చేస్తుంది. ఫ్లోరైడు ఉన్నది అరిగిన ఎనామిల్‌ని గట్టిపరుస్తుంది. ఏది రాయమంటారు?”

“లాజరుకి నేను రెండూ రాశానమ్మా,” అన్నారాయన, వాటివైపు చూడకుండానే.

లాజరు ఊరి చివర షెడ్డులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాడు. ఆ సంగతి అప్పట్లో పరాంకుశంగారికి తెలియదు. అడిగితే కదా తెలిసేది! ముందరి పళ్లు అరిగిపోయి, లాజరుకి మంచినీళ్లు తాగడమే గండంగా ఉండేది. నోరు పుల్లబడుతుందని షెడ్డువాళ్లంతా పని దిగగానే కుళాయి దగ్గర చేరి బరబరా పళ్లు తోముకునేవారట. “పని దిగగానే తోముకుంటానండీ” అని లాజరు చెబితే, మంచి అలవాటని ఈయన మెచ్చుకున్నారు. యాసిడ్ ఆవిరికి మెత్తబడ్డ పళ్లను అతను చేజేతులా గీకేసుకుంటున్నాడని తోచలేదు.

నలభై రోజులకి లాజరు నవ్వుతూ వచ్చాడు. “చల్లటి సోడా తాగానండి బాబూ!” అన్నాడు. పరాంకుశంగారు పొంగిపోయి ఆ నోటిని విద్యార్థులందరికీ చూపించారు. చిగుళ్ల అంచున సన్నటి నీలిగీత ఉంది. గార అనుకుని గీకించారు, పోలేదు. కడుపులో మెలిపెడుతోందనీ, చేతులు పట్టు తప్పుతున్నాయనీ కూడా లాజరు చెప్పాడు. అది మా విభాగం కాదని పంపేశారు.

మరుసటి ఏడు పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. సీసం ఒంటికెక్కింది. ఆ గీత దానికి గుర్తు, ఎవరూ చూడలేదా అని అక్కడి వైద్యుడు అడిగాడు. ఈయన వెళ్లేసరికి లాజరు మనిషిని పోల్చుకునే స్థితిలో లేడు. భార్య సలోమి లేచి నిలబడి దండం పెట్టింది. “మీ చలవవల్ల ఆ పళ్ల బాధొక్కటీ తీరిందండి,” అంది. ఆవిడకి ఏమీ తెలియదు. ఆ వారంలోనే లాజరు పోయాడు. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతు వినలేక నేను కిటికీ వైపు తిరిగాను.

హిమజ అడిగింది, “అయితే మీరు రాసింది తప్పా సార్?”

“లేదమ్మా, బాగానే పనిచేసింది. చనిపోయేదాకా ఒక్క పన్నూ జివ్వుమనలేదు.”