ఆగిన నీలం తెర

మౌలాలి కంప్యూటర్ లేచినట్టే లేచి పడిపోతోంది.

మీట నొక్కితే వెలుగుతుంది. కంపెనీ గుర్తు వస్తుంది. నీలంగా ఏదో మెరుస్తుంది. అంతలోనే ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

అది అతని కూతురు రమీజా చదువుకున్న కంప్యూటర్. పిల్ల జ్వరంతో పోయింది. మట్టిచ్చిన మర్నాడే మౌలాలి దాన్ని నెత్తికెత్తుకుని జమాల్ బాబా ఉండే దర్గాకు వచ్చేశాడు. అప్పట్నుంచీ చేతులకు తీరిక లేదు. ఊడ్చేవాడు, వండేవాడు, వచ్చినవాళ్లకు వడ్డించేవాడు, కాస్త ఖాళీ దొరికితే బాబా చెప్పిన మాటలు టైపు చేసేవాడు. కంట తడి పెట్టగా చూసినవాళ్లు లేరు. పిల్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఉన్నాయి, అంతే.

ఇప్పుడు వైర్లు మార్చాడు. మూత విప్పి దుమ్ము దులిపాడు. మెమరీ ముక్క ఊడదీసి, రబ్బరుతో తుడిచి, మళ్లీ బిగించాడు. మళ్లీ గుర్తు, మళ్లీ నీలం, మళ్లీ మొదటికే. అన్నం సహించలేదు.

సాయంత్రం బాబా వచ్చి పక్కన చాప మీద కూర్చున్నారు. కాసేపు తెర వంకే చూశారు.

"పడేముందు ఏదో చెబుతోంది కదరా. ఏమంటోంది?"

"చదివేలోగా పోతోంది, బాబా."

"అంత తొందరేం దానికి?"

"పడితే వెంటనే లేవమని లోపల రాసిపెట్టి ఉంటుంది. అందుకే ఎక్కడా ఆగదు."

"ఆపలేవా?"

మౌలాలికి ఆపడం తెలుసు. ఆపితే అసలు సంగతి తెలిసిపోతుంది. ఇలా తిరుగుతున్నంతసేపూ, ఈసారి లేస్తుందేమోనన్న ఆశైనా ఉంటుంది.

"ఆపు," అన్నారు బాబా.

మౌలాలి కీ నొక్కాడు. వరసగా వచ్చిన మాటల్లో, పడ్డాక మళ్లీ లేవొద్దు అనేదాన్ని ఎంచుకున్నాడు.

గుర్తు వచ్చింది. నీలం తెర వచ్చింది. ఈసారి పోలేదు.

మౌలాలి చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏమంటోంది?"

"డిస్కు పోయిందట, బాబా. లోపలున్నవి... అందవట."

చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్లింది. బాబా తన అరచేత్తో ఆ మీటను కప్పేశారు.

"ఉండనీ."

ఇద్దరూ ఆ నీలం వెలుగులో కూర్చున్నారు.

ఇంతలో పొద్దుగూకాక నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. నమాజుకు వచ్చేవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నీళ్లు తోడేది మౌలాలే. అలవాటుగా లేవబోయాడు. బాబా అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు.

"నువ్వు లేవకు నాయనా. ఈ పూట నీళ్లు నేను తోడతాను."

ముసలాయన మోకాళ్ల మీద చేతులూని మెల్లగా లేచి, బావి వైపు నడిచారు.

మౌలాలి లేవలేదు. బావిలో చేద పడిన చప్పుడు వినిపించింది. తలను గోడకు ఆనించాడు.

"రమీజా," అన్నాడు. ఆ తర్వాత ఇక ఏ మాటా రాలేదు, ఏడుపే వచ్చింది.