ముందు చక్రం, తర్వాత మనిషి

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. మా గెడ్డ మీద, అంటే మా ఊరి వాగు మీద, వంతెన లేని కాలం. గెడ్డకి ఈవల ఊరు. ఆవల మూడు కోసుల దూరంలో నార మిల్లు. మధ్యలో చప్టా. చప్టా అంటే గెడ్డకి అడ్డంగా వేసిన రాతి దారి. ఎండాకాలం దాని కింద నుంచి నీళ్ళు పోతాయి. వానాకాలం దాని మీద నుంచి పోతాయి.

ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒకడుండేవాడు. మిల్లులో నార కట్టలు మోసేవాడు. పొలం లేదు, పశువు లేదు. ఉన్నదల్లా ఒక్క సైకిలు. అది కూడా పోస్టుమాను తొక్కి తొక్కి వదిలేసింది.

పోయేటప్పుడు సైకిలే. వచ్చేటప్పుడు సైకిలే. మిల్లు సెలవైతే, ఆ రోజూ సైకిలే.

"ఇవాళ సెలవు కదా, ఎక్కడికయ్యా?" అనేది పెళ్ళాం బంగారమ్మ.

"నాకు సెలవే. దానికేటి తెలుసు సెలవని?" అనేవాడు.

అలా సంతకి పోయేవాడు, తీర్థానికి పోయేవాడు, ఏ పనీ లేకపోతే ఊరి పొలిమేర దాకా పోయి వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. "తవిటయ్య నడక నేర్వకముందే తొక్కడం నేర్చాడు" అనేవారు. అనేవాళ్ళని అననిచ్చేవాడు. సీటు తుడుచుకునేవాడు, ఎక్కేవాడు, పోయేవాడు.

రోజూ చప్టా దాటేవాడు కాబట్టి గెడ్డ సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఒక ఏడు వానలకి ముందు చప్టా మొదట్లో ఒక రాయి పాతాడు. దాని పక్కన సైకిలు నిలబెట్టి, ఉలితో మూడు గీతలు గీశాడు. ఒక గీత చక్రం మధ్యన ఇరుసు ఎత్తున. రెండో గీత సీటు వెనక సామాను కట్టే క్యారేజీ ఎత్తున. మూడో గీత సీటు ఎత్తున.

"ఇరుసు దాకా నీళ్ళొస్తే పో. క్యారేజీ దాకా వస్తే ఆగు. సీటు దాకా వస్తే ఇంటికి తిరుగు" అని చెప్పాడు.

మొదట్లో దానికీ నవ్వారు. తర్వాత అందరూ ఆ గీతలు చూడకుండా చప్టా మీద కాలు పెట్టడం మానేశారు. మిల్లు లారీ డ్రైవరు కూడా తల బయటపెట్టి రాయి వైపు చూసేవాడు. పిల్లలు వాన వస్తే "గెడ్డ ఏ గీత?" అని అడిగేవారు.

మిల్లుకి ఒక నియమం ఉండేది. పొద్దున్న మూడు కూతలు కూస్తుంది. మూడో కూతకి గేటు మూసేస్తారు. మూడు రోజులు వరసగా గేటు లోపల లేకపోతే, పేరు కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ రాయరు.

ఒక శ్రావణమాసంలో వాన పట్టుకుంది. మొదటి రోజు నీళ్ళు సీటు గీత దాటాయి. అందరూ ఇంటికి తిరిగారు. రెండో రోజూ సీటు గీతే. అందరూ ఇంటికి తిరిగారు. ఆ రాత్రి ఏ ఇంట్లోనూ ఎవరికీ అన్నం సరిగా దిగలేదు.

మూడో రోజు తెల్లారేసరికి వాన వెలిసింది. నీళ్ళు ఇరుసు గీతకి దిగాయి.

ఇంక చూడండి, ఊరంతా కదిలింది. రెండు రోజులుగా ఈవలే చిక్కుకుపోయిన మిల్లు లారీ వచ్చింది. నార దువ్వే ఆడవాళ్ళు ఇరవైమంది ఎక్కారు. డ్రైవరు పక్కన, మిల్లులో పేర్లు చదివే దాలినాయుడు మేస్త్రి కూర్చున్నాడు. లారీ చప్టా దగ్గరకి వచ్చేసరికి దారికి అడ్డంగా ఒక సైకిలు నిలబడి ఉంది. సైకిలు పక్కన తవిటయ్య. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"ఒరే తవిటిగా! పెళ్ళిపీట వేశావేటిరా దారిలో? తియ్యి!" అన్నాడు మేస్త్రి.

"తియ్యను. చప్టా బాగా లేదు" అన్నాడు తవిటయ్య.

"ఇరుసు గీతకే ఉన్నాయి కదరా నీళ్ళు!"

"నీళ్ళు బాగానే ఉన్నాయి. చప్టా బాగా లేదు."

లారీ మీద నుంచి పైడమ్మ వంగి చూసింది. పైడమ్మ మొగుడు పోయిన మనిషి. ముగ్గురు పిల్లలు. ఆవిడ జీతమే ఆ ఇంటికి పొయ్యి.

"తవిటన్నా, గీత గీసింది నువ్వే. పొమ్మన్నది నువ్వే. నీ గీతని నువ్వే కాదంటావేటి?" అంది.

"గీత నీటి సంగతి చెప్తాదమ్మా. నేల సంగతి చెప్పదు. ఇప్పుడే పది బారలు పోయి వచ్చాను. ఎప్పుడూ గట్టిగా తగిలే చోట చక్రం మెత్తగా తగిలింది. హేండిలు నా చేతుల్లో వణికింది."

"చేతులు వణికేది ముసలాడివయ్యావు కాబట్టి!" అన్నాడు మేస్త్రి. లారీలో కొందరు నవ్వారు.

దూరం నుంచి మొదటి కూత వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

"అన్నా, ఇవాళ పేరు పోతే నా పిల్లలు ఏం తింటారు? నువ్వు పెడతావా?" అంది పైడమ్మ.

తవిటయ్య పేరు పోవడానికీ అదే మూడో రోజు. అది ఎవరికీ గుర్తు లేదు. వాడూ గుర్తు చెయ్యలేదు.

"సరే. నా మాట వద్దు. సైకిలు మాట వినండి. డ్రైవరు బాబూ, తాడు ఇయ్యి" అన్నాడు.

డ్రైవరు లారీ దిగి తాడు తెచ్చాడు. ఒక కొస తవిటయ్య నడుముకి కట్టాడు. రెండో కొస లారీ ముందు కొక్కేనికి కట్టాడు. తవిటయ్య భుజం మీది తువ్వాలు తీసి సీటు తుడిచాడు. రోజూ ఎక్కే ముందు తుడిచినట్టే తుడిచాడు. కానీ ఎక్కలేదు. వెనక నుంచి క్యారేజీ పట్టుకుని, సైకిలుని ముందుకి తోసుకుంటూ నీళ్ళలో దిగాడు.

ముందు చక్రం, తర్వాత మనిషి. ముందు చక్రం, తర్వాత మనిషి.

ఐదు బారలు పోయాడు. ఏమీ కాలేదు. "చూశావా?" అన్నాడు మేస్త్రి.

పది బారలు పోయాడు. ఏమీ కాలేదు. రెండో కూత కూసింది. "ఇంక చాలు, రారా!" అని మేస్త్రి అరిచాడు.

ఇంకో మూడడుగులు వేశాడు. ముందు చక్రం దిగిపోయింది. సైకిలు తలకిందులై గంట ఒక్కసారి మోగింది. అంతే, క్యారేజీ వాడి చేతుల్లోంచి ఊడిపోయింది. సైకిలు లేదు. చప్టా రాళ్ళు ఒకదాని వెనక ఒకటి లోపలికి జారిపోయాయి. లారీ పట్టేంత గుండం పడింది. తవిటయ్య మెడ దాకా మునిగాడు.

"లాగండర్రా!" అని మొదట దూకింది పైడమ్మే. ఇరవైమంది ఆడవాళ్ళు, డ్రైవరు, మేస్త్రి అందరూ తాడు పట్టారు. ఒడ్డుకి లాగేశారు.

అందరూ బురదలోనే కూర్చుండిపోయారు. తర్వాత పైడమ్మ కొంగుతో వాడి తల తుడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. "బుద్ధుందా నీకు? మీ ఆవిడకి నేనేం జవాబు చెప్పేదాన్ని?" అని తిట్టింది, ఏడ్చింది, నవ్వింది. ఆవిడ నవ్వితే ఒకరి వెంట ఒకరు అందరూ నవ్వారు. బతికిన వాళ్ళ నవ్వు అది. దానికి వేళాపాళా ఉండదు.

అప్పుడు మూడో కూత కూసింది. నవ్వుతున్న వాళ్ళంతా మేస్త్రి వైపు చూశారు.

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. అవి వణుకుతున్నాయి. "నేనూ ఈ ఒడ్డునే ఉన్నాను కదా. ముందు నా పేరు కొట్టి, తర్వాత మీ పేర్లు కొట్టమంటాను. నేను లేకపోతే ఆ పేర్లు చదివేవాడే లేడు మిల్లులో" అన్నాడు.

అన్నట్టే అడిగాడు. మిల్లువాళ్ళు ఒక్క పేరు కూడా కొట్టలేదు.

నాలుగో రోజుకి గెడ్డలో నీళ్ళు తీశాయి. కింద రేవులో చేపలవాళ్ళకి సైకిలు దొరికింది. ఆడవాళ్ళు వంతులేసుకుని దాన్ని నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి తెచ్చారు. డ్రైవరు ఎంత సరిచేసినా హేండిలు సరి కాలేదు. తవిటయ్య బతికినన్నాళ్ళూ ఆ వంకర హేండిలు సైకిలే తొక్కాడు. సైకిలు తూర్పుకి చూసేది, మనిషి దక్షిణానికి పోయేవాడు. పిల్లలకి అదో వేడుక.

తవిటయ్య పండుముసలి అయ్యాక, ఒక మధ్యాహ్నం సైకిలు తుడిచి గోడకి చేరేసి, మంచం మీద పడుకుని లేవలేదు. వాడిని గెడ్డ ఆవలి శ్మశానానికి తీసుకుపోతుంటే, పైడమ్మ పెద్దకొడుకు పాడెకి ముందు ఆ సైకిలు తోసుకుంటూ నడిచాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అలా మొదలైంది.

తర్వాత వంతెన వచ్చింది. మిల్లు మూతపడింది. ఇప్పటికీ మా వైపు సైకిలు మీద వచ్చేవాడు ఎవడైనా వంతెన మొదట్లో దిగుతాడు. మూడడుగులు చక్రాన్ని ముందుకి తోస్తాడు, గంట ఒక్కసారి కొడతాడు, అప్పుడు ఎక్కుతాడు. కొత్త కోడలు కాపురానికి వస్తే ఆ మూడడుగులు సైకిలు తోయిస్తారు. బస్సువాళ్ళు ఒక్క హారను కొడతారు.

పొరుగూరి వాళ్ళు వెటకారమాడతారు. "వంతెన రాయిలా ఉంది కదా, ఇంకా ఎందుకయ్యా?" అంటారు.

మావాళ్ళ జవాబు ఒక్కటే. "మూడడుగులే కదా."

కథ గెడ్డ దాటింది. మీరూ చూసుకుని దాటండి.