మూగబొగ్గు, ఎర్రమూతి

ఎవర్నీ నోరారా పిలవకపోవడం తన గొప్ప సుగుణమని తాబేలు నమ్మకం. అలా నమ్మింది అదొక్కటే అనుకోండి.

అద్దకం షెడ్డు ఎర్రరంగు నీళ్లు కాలవలోంచి మడుగులోకి దిగడం మొదలయ్యాక ముందు చేపలు పోయాయి, ఆ వెనక కప్పలు కదిలాయి. గట్టు అవతల గుంటలో ఉంటామని, నీళ్లు బాగుపడితే ఒక్క కేక వెయ్యమని ముసలికప్ప చెప్పి వెళ్లింది. తాబేలు తలూపింది. అప్పట్నుంచి మడుగులో దానికి వినబడేది తన ఊపిరే.

ఒకనాడు నక్క వచ్చింది. పక్కూరి షెడ్డులో నీళ్లను ఒకరకం బొగ్గు గుండా వదులుతున్నారని చెప్పింది. కొబ్బరిచిప్పల్ని ఆవిరిలో కాలుస్తారట. ఒళ్లంతా కంటికి కనబడని కన్నాలట. రంగూ రసాయనమూ వాటిలో ఇరుక్కుంటాయట. చెరో బస్తా తెస్తాను, బదులుగా నీ తుమ్మపొద నీడ నాకివ్వమంది. తాబేలు ఒప్పుకుంది.

బస్తాలు వచ్చాయి. కాలవ చీలేచోట మడుగువైపు ఒక కుప్ప, నక్క నీళ్లు తాగే వేరే గుంటవైపు ఒక కుప్ప పోశారు. తాబేలుకు దక్కింది వాడి పారేసిన బొగ్గు. కడుపు నిండిన బొగ్గు ఇంకేమీ మింగదు. నలుపు మాత్రం ఎక్కడికీ పోదు.

నక్క అటు తిరగ్గానే తాబేలు రెండు కుప్పల మీదా పుక్కెడేసి నీళ్లు ఊసింది. నక్కది సుయ్‌మని బుడగలేసింది. తనది ఉలకలేదు, పలకలేదు. నిశ్శబ్దంలో బతికే చెవి కదా, చిన్న చప్పుడు కూడా దాటిపోలేదు.

"అల్లుడూ, నీది వెన్నలాంటి మనసు. మంచిది నాకిచ్చి ఓటిది నువ్వుంచుకున్నావు," అంది తాబేలు.

నక్క గతుక్కుమంది. "నీకెలా తెలుసు మామా?"

"నీళ్లు పడగానే నాది సుయ్‌మంది. నీది మూగది."

నక్క కుప్పల్ని మార్చి మార్చి చూసింది. రెండూ ఒకటే నలుపు. ఊరందర్నీ ముంచేవాడికి తన చేతిమీద కూడా నమ్మకముండదు. హడావిడిలో బస్తాలు తారుమారయ్యాయేమోనని దానికి అనుమానమొచ్చింది.

"ఈ వయసులో అంత ఘాటు బొగ్గు నీకు పడదు మామా. మార్చుకుందాం."

"నీ ఇష్టం. మూగవాటితో బతకడం నాకు అలవాటే."

మార్చుకున్నారు. నక్క ఆత్రంగా, చూడనైనా చూడకుండా తన గుంటలో మూతి పెట్టింది. తీసేసరికి మూతి ఎర్రగా ఉంది. ఎంత రుద్దినా పోలేదు. ఆ వారమంతా ఏ కోడినీ ముట్టకుండానే ఊరికుక్కల చేత తరిమించుకుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

బొగ్గు మంచిదో కాదో నలుపు చెప్పదు, కిందికి దిగిన నీళ్లు చెబుతాయి.

మడుగు తేటపడింది. గట్టు అవతల కప్పల కబుర్లు రోజూ వినబడుతున్నాయి. తాబేలు మెడ చాస్తుంది, నోరు తెరుస్తుంది. నక్కతో అన్ని మాటలాడిన ఆ నోటికి "రండి" అనడం మాత్రం ఇంకా రాలేదు.