చుక్కమ్మ ఉలికిపాటు

మబ్బులు కూడా కాసేపు ఆగి ఆయాసం తీర్చుకుని గానీ దాటలేని మంచుకొండల్లో జంబయ్య అనే నక్క ఉండేవాడు. వాడికి ఆకలి కన్నా ఆరా ఎక్కువ. ఏ గుహలోకి ఎవరొచ్చారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ తెలియాల్సిందే. తెలియకపోతే కడుపుబ్బరం.

ఆ ఏడు మాత్రం ఆకలే గెలిచింది. మంచు ఎడతెగకుండా కురిసి ఎలుకల బొరియలన్నీ పూడిపోయాయి. జంబయ్య ఎంగిలిపడి మూడు రోజులైంది. ఇంకో రెండు రోజులు ఇలాగే గడిస్తే లేచి నిలబడలేనని వాడికి తెలుసు.

పైన బండ అంచున మంచు చిరుత చుక్కమ్మ ఉంటోంది. ముందురోజే కొండగొర్రెను కొట్టి తెచ్చుకుంది. వారానికి సరిపడా తిండి! జంబయ్య ఒక రాయి చాటున పడుకుని అటే చూస్తున్నాడు. ఆ రాయి మీదే బొంతకాకి సింగారమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చూపూ గొర్రె మీదే.

"వదినా, ఒకటి చెప్పు. చుక్కమ్మ తన తోకని నోట్లో ఎందుకు పెట్టుకుంది?" అన్నాడు జంబయ్య.

"చలికి, మరిదీ. ఆ తోకే ఆవిడ దుప్పటి. మూతికి చుట్టుకుంటుంది."

"చుట్టుకోవడం వేరు, కొరకడం వేరు. చూడు, చంటిపిల్ల వేలు చీకినట్టు ఎలా చీకుతోందో. అది బెదురే."

"నీ చెవిలో చెప్పిందా?"

"చెప్పాలా ఏం? పులి గాండ్రిస్తుంది, సింహం గర్జిస్తుంది. ఈవిడ ముక్కుతో 'ఫుర్ ఫుర్' అంటుంది, అంతే. ఇన్నేళ్ళలో ఈవిడ గర్జన ఒక్కసారైనా విన్నావా?"

"వినలేదు. ఆ గొర్రె కూడా వినలేదు పాపం. వినుంటే పారిపోయేది."

జంబయ్య ఇంకా ఏదో అనబోతుండగా గుహలోంచి చుక్కమ్మ కొడుకు బొట్టు బయటికొచ్చాడు. పిడికెడు పిల్ల. పొట్టని నేలకి ఆనించి, తోకని మాత్రం జెండాలా నిలబెట్టి, తల్లి వెనక నుంచి పాకడం మొదలుపెట్టాడు. కాలికింద గులకరాళ్ళు గలగలమంటున్నాయి. చుక్కమ్మ చెవి ఒకటి వెనక్కి తిరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ముందుకొచ్చింది. ఆ చెవి కదలడం జంబయ్య చూశాడు. చూసి కూడా లెక్కచేయలేదు. మనకి కావలసింది ఒకటి కళ్ళముందుంటే, అక్కర్లేనిది ఎంత పెద్దదైనా కంటికి ఆనదు కదా!

బొట్టు ఒక్క దూకు దూకి తల్లి వీపు మీద పడ్డాడు.

"బాబోయ్!" చుక్కమ్మ నాలుగు కాళ్ళూ నేల వదిలేలా ఎగిరి, వెల్లకిలా దొర్లింది. బొట్టు ఆవిడ పొట్టమీదెక్కి కొండ గెలిచినట్టు నిలబడ్డాడు.

"చూశావా వదినా! ఆ బుడతడికే ఇలా ఎగిరితే, నేను దూకితే లోయ దాటి పారిపోదూ? గొర్రె మనదే!"

"చూసిందల్లా తెలిసినట్టు కాదు మరిదీ. నాకు రెక్కలున్నాయి, ఇక్కణ్ణించే చూస్తాను. నీ పని అయ్యాక కళ్ళు మాత్రం నాకుంచు."

"గొర్రె కళ్ళేనా?"

"గొర్రెవి కుదరకపోతే నీవైనా సరే."

బొట్టు గుహలోకెళ్ళి నిద్రపోయేదాకా జంబయ్య ఓపిక పట్టాడు. తర్వాత ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బండ ఎక్కాడు. నిజం ఒప్పుకోవాలంటే, అప్పటికి వాడికి మాంసం కన్నా తన మాట నెగ్గడమే ముఖ్యమైపోయింది. ఊపిరి బిగబట్టి, "హోయ్!" అంటూ ఆవిడ వీపు మీదకి దూకాడు.

చుక్కమ్మ కదల్లేదు. మెల్లిగా మెడ తిప్పి చూసింది. మరుక్షణం జంబయ్య ఆవిడ పంజా కింద ఉన్నాడు.

"మలుపు దగ్గర నీ కాలు జారింది జంబయ్యా. అప్పట్నుంచీ వింటున్నాను. మా వాడే నయం, వచ్చే నెలకి నీకన్నా మెత్తగా నడుస్తాడు."

"మరి... వాడు దూకితే ఎందుకమ్మా అంత ఉలిక్కిపడ్డావు?"

"చచ్చేముందు కూడా ఆరానా?"

"తెలుసుకోకుండా చస్తే ప్రాణం పోదు తల్లీ!"

చుక్కమ్మకి నవ్వొచ్చి ముక్కుతో ఫుర్ ఫుర్ మంది. "వాడొచ్చేది నాకెప్పుడూ తెలుస్తుందిరా. నేను ఉలిక్కిపడకపోతే రేపు మళ్ళీ దూకడు. దూకడం రానివాడికి వేట రాదు. వేట రానివాడు ఈ కొండల్లో ఒక్క చలికాలం కూడా గట్టెక్కడు. వాడు బతకాలని నేను బెదురుతాను."

"నేనే పొరబడ్డానమ్మా," అని ఒప్పుకున్నాడు జంబయ్య. పుట్టాక అదే మొదటిసారి.

"నీకు తిండి కావాలి," అంది చుక్కమ్మ. "నాకు కాస్త కునుకు కావాలి. వాడు రోజుకి ఇరవైసార్లు దూకుతున్నాడు, ఎగిరెగిరి నడుం పడిపోతోంది. రేపట్నుంచి నీ మీద దూకుతాడు. దూకిన ప్రతిసారీ నువ్వు హడలిపోవాలి. ఎముకలూ, వాటికంటుకున్న మాంసం నీవి. ఎప్పుడైనా వాడికి అనుమానం వచ్చిందో..." పంజా కాస్త బరువెక్కింది.

"రాదమ్మా, రానివ్వను!"

మర్నాడు జంబయ్య బండ మీద కూర్చుని ఎముక కొరుకుతున్నాడు. వెనక గులకరాళ్ళు గలగలమన్నాయి. వాడు ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాడు. బొట్టు దూకాడు.

"అమ్మో, చచ్చాన్రోయ్!" జంబయ్య గాల్లోకెగిరి మూడు పల్టీలు కొట్టాడు.

"అమ్మా! నక్క మామ నన్ను చూసి ఎలా వణికిపోతున్నాడో!"

పైన సింగారమ్మ పగలబడి నవ్వింది. "ఏం మరిదీ, పిడికెడు పిల్లకే అంత హడలా? ఉండు, కొండంతా చెప్పొస్తాను!"

అసలు సంగతి చెప్పేద్దామని జంబయ్య నోరు తెరిచాడు. ఎదురుగా బొట్టు కళ్ళు మిలమిలలాడుతున్నాయి. వాడి వెనక, నిద్రపోతున్న చుక్కమ్మ కన్ను ఒకటి సగం తెరుచుకుంది. జంబయ్య తేలు కుట్టిన దొంగలా మాట మార్చేశాడు.

"అవును వదినా, చెప్పుకో. ఈ బుడతడంటే నాకు హడల్."

నీతి: బిడ్డ గెలవాలని ఓడిపోయేవాళ్ళని పిరికివాళ్ళనుకుంటే, తిండి దొరికినా పరువు దక్కదు.