మంచుదారిలో వకుళ సైకిలు

విమలబోధులవారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, తామెరిగిన మనిషి కథ ఏదో ఒకటి ఎత్తుకునేవారు. ఒక ఉదయం శిష్యుడు సుదర్శనం, "స్వామీ, ఇన్నేళ్ళు సాధన చేసినా మనసు జారిపోతూనే ఉంది. జారే మనసుతో గమ్యం చేరడమనేది ఉంటుందా?" అని కన్నీళ్ళతో అడిగాడు. అప్పుడు వారు చెప్పిన సంగతి ఇది.

హిమాలయాల్లో ఒక లోయ. అక్కడి చిన్న రేడియో కేంద్రంలో ప్రకటనలు చదివే ఉద్యోగానికి భీమవరం నుంచి వకుళ అనే అమ్మాయి వెళ్ళింది. కేంద్రం ఊరికి దూరంగా, కొండ వారన ఉండేది. మంచు పడి బస్సు ఆగిపోగానే ఆమె సైకిలు బయటికి తీసింది. ఇల్లు అద్దెకిచ్చిన ఠాకూర్ పెద్దాయన గుమ్మానికి అడ్డం నిలబడి, "ఇది మీ గోదావరి కాలవగట్టు కాదమ్మాయీ, ఎముకలు మిగలవు" అన్నాడు.

ఆయన అన్నట్టే మొదటిరోజు పడింది. మర్నాడూ పడింది. టీకొట్టు దగ్గర చలి కాచుకునేవాళ్ళకి అదో వేడుకైపోయింది. పడ్డప్పుడల్లా వకుళకి ఏడుపు ముంచుకొచ్చేది. మోచేతులు దులుపుకుని మళ్ళీ ఎక్కేది. చక్రాల్లో గాలి కాస్త తగ్గించాలనీ, మలుపులో బ్రేకు నొక్కకూడదనీ ఆ పడడంలోనే తెలుసుకుంది.

ఒకనాడు తెల్లవారుతుండగా రోడ్లు చూసే అధికారి రొప్పుతూ వచ్చి ఆమె తలుపు తట్టాడు. "పైదారి మీద మంచుచరియ విరిగేలా ఉంది. ఇవాళ సంత. పై ఊళ్ళ జనం పిల్లాజెల్లాతో దిగుతారు. ఫోను తీగలు తెగిపోయాయి, నా జీపు కదలనంటోంది" అన్నాడు. వాళ్ళకి కబురందాలంటే రేడియో ఒక్కటే దిక్కు. నడిచి వెళ్తే పొద్దెక్కిపోతుంది.

వకుళ వెంటనే సైకిలెక్కింది. గాలి ముఖాన్ని కోస్తోంది. వంతెన మీద ఒకసారి బోర్లాపడింది, ఏటవాలులో ఇంకోసారి. ఈసారి ఏడవడానికి తీరిక లేదు. కేంద్రంలోకి అడుగుపెట్టేసరికి గడ్డం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. యంత్రం నడిపే రతన్ కంగారుగా, "పడిపోయారా?" అన్నాడు.

"పడ్డాను. వచ్చాను. మైకు పెట్టు" అంది వకుళ.

ఆమె గొంతు లోయంతా మోగింది. పై ఊళ్ళలో కంచరగాడిదల మీద మూటలెత్తుతున్నవాళ్ళు ఆగిపోయారు. పొద్దు నడినెత్తికి రాకముందే చరియ విరిగి, పిట్టకూడా లేని దారి మీద పడింది.

సాయంత్రం ఆమె తిరిగొస్తుంటే ఊరు ఊరంతా రోడ్డుకి అటూ ఇటూ నిలబడి ఈలలేసింది. ఆ సందడికి చూపు చెదిరి, వకుళ అందరి ఎదుటా దబ్బున పడింది! ముందు నవ్వింది ఆమే. ఠాకూర్ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి సైకిలెత్తి తన భుజాన పెట్టుకున్నాడు. ఆ వెనకాల ఊరేగింపులా అందరూ నడిచారు.

కథ అక్కడితో ఆగింది. సుదర్శనం ఆత్రంగా, "ఆ తర్వాతైనా ఆమె పడకుండా తొక్కడం నేర్చుకుందా స్వామీ?" అని అడిగాడు.

"ఏమో నాయనా, ఆ సంగతి ఆ లోయలో ఎవరికీ పట్టలేదు" అన్నారు విమలబోధులవారు.