సూది దిగని తారు

సన్యాసిరావు మాస్టారికి ఒక చాదస్తం. ఎవరేమడిగినా జవాబు చెప్పరు, చేతికేదో పని అంటగడతారు. విశాఖలోని ఆ రోడ్ల ల్యాబులో తారుకి గ్రేడు వెయ్యడం కుసుమ ఆయన దగ్గరే నేర్చుకుంది. గ్రేడు వేసే పద్ధతులు ఈమధ్య మారాయి. అరవై డిగ్రీల వేడిలో తారు ఎంత చిక్కగా పారుతుందో చూస్తున్నారు. మాస్టారు మాత్రం పాత సూదిని వదల్లేదు. సూది లోతుగా దిగితే మెత్తని తారు, దిగకపోతే గట్టిది.

కుసుమని పాడేరు ఘాట్ రోడ్డు పనికి వేసి రెండు నెలలైంది. అక్కడ పలకరించే దిక్కులేదు. క్యాంపు గదిలో ఒక్కతే వండుకుని ఒక్కతే తినేది. ‘ఆ మేడమ్ ఒట్టి బండరాయి’ అని కూలీలు అనుకోవడం చెవిన పడ్డ రోజు చాలా ఏడ్చింది. రాజీనామా రాసుకుని సరాసరి ల్యాబుకొచ్చింది.

“ఇక్కడ నేనిలా ఉండేదాన్ని కాదు మాస్టారూ. నిజంగా నేను బండరాయినేనా?”

ఆయన ఓ గిన్నెడు తారు ఆమె ముందు పెట్టారు. “దీని సంగతి తేల్చు ముందు.”

సూది ఇరవై గీతలైనా దిగలేదు. “మరీ గట్టిది. కొండ మీద చలికి పగిలిపోతుంది. వెనక్కి పంపెయ్యండి,” అంది కుసుమ.

“ఎంత వేడిలో చూశావు?”

కుసుమ గిన్నెని మళ్ళీ తాకి చూసింది. అది ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె. చేతికి చల్లగా తగిలినా ధ్యాస ఎక్కడుంది గనక! ఇరవై అయిదు డిగ్రీల నీళ్ళలో గంటన్నర ఉంచాకే సూది దించాలని ఆమే పదిమందికి నేర్పింది.

గిన్నెని నీళ్ళలో పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. మాస్టారు క్యారియర్ విప్పి సగం అన్నం ఆమె పళ్ళెంలో వేశారు. భార్య పోయిన నాలుగేళ్ళుగా ఆయన ఆ బల్ల దగ్గర ఒక్కరే తింటున్నారని కుసుమకి తెలుసు. ఏవో కబుర్లలో పడి గంటన్నర తెలియలేదు.

ఈసారి సూది అరవై ఆరు దగ్గర ఆగింది. అదే గిన్నె, అదే తారు.

“మరి నన్నేం చెయ్యమంటారు?” అందామె, రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి.

మాస్టారు దాన్ని తెరవనైనా తెరవలేదు.

“వచ్చే ఆదివారం పాడేరు బస్సెక్కుతాను. ఇద్దరికి సరిపడా వండు తల్లీ. సూది ఎంత దిగుతుందో అప్పుడు చూద్దాం.”