పలికే నోరు లేని పేరు

ఒకానొక రాజ్యాన్ని, చరిత్రలో తన పేరు మిగలదేమోనని దిగులుపడే రాజొకడు ఏలుతుండేవాడు. శాసనాలు పగులుతాయి, గుడులు కూలతాయి, మనుషులు మాత్రం పుడుతూనే ఉంటారు గదా అనుకుని, ఇకమీదట పుట్టే ప్రతి మగబిడ్డకూ తన పేరే పెట్టాలని చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విని ఆస్థాన విదూషకుడు వల్లభయ్యకు నవ్వు రాలేదు. అతని ఒక్కగానొక్క కొడుకు చెన్నప్ప రాజుగారి యుద్ధంలోనే పోయాడు. కోడలు నాగమ్మ ఆ వారమే మగబిడ్డను కన్నది. బంట్లకు ఎవరూ శాసనాలు చెక్కించరు. చెన్నప్ప పేరు నిలవడానికి ఆ పసివాడు తప్ప మరో చోటు లేదు.

అయినా బారసాలనాడు వల్లభయ్య పళ్ళెంలో బియ్యం పోసి, రాజు పేరే రాశాడు. మర్నాడు మనవణ్ణి ఎత్తుకుని కొలువుకు వెళ్ళాడు.

"ప్రభూ, వీడు తమ పేరిటివాడు. పెద్దల నోట ఒక్కసారి పేరు పెట్టి పిలిపించుకుని పోతాను."

"పిలవండి మంత్రిగారూ," అన్నాడు రాజు, మీసం దువ్వుకుంటూ.

మంత్రి వంగి, "ఒరేయ్..." అని, రాజు మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

"తమరు పిలవండి, సేనాపతిగారూ!" అన్నాడు వల్లభయ్య.

"నాకింకా తల మీద ఆశ ఉందయ్యా!"

"పోనీ, రాణిగారు?"

రాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "భర్త పేరు ఎలా పలకమంటావయ్యా?"

ఈలోగా బిడ్డ వల్లభయ్య ఉత్తరీయం తడిపాడు. రాజుగారి పేరిటివాడు కనుక ఎవరూ నవ్వలేదు.

"చూశారా ప్రభూ! రేపు ఊరంతా ఇదే వరస. పెళ్ళాం మొగుడి పేరు పలకదు, కోడలు మామగారి పేరు పలకదు, కోపమొచ్చిన తల్లి తిట్టనూ లేదు. అందరూ బుజ్జిగాళ్ళూ చిన్నోళ్ళూ అయిపోతారు. తమ పేరు మాత్రం ఏ నోటా వినపడదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చాటింపు రద్దు చేశాడు. తన బంగారు కడియం బిడ్డకు తొడగబోయి, అది మోచేయి దాటి భుజం దాకా జారిపోతుంటే తీసి తాత చేతిలో పెట్టాడు.

"అది సరే, వీడికి పోయిన నీ కొడుకు పేరు పెట్టుకున్నా అంతే కదయ్యా? నీ కోడలు పిలుస్తుందా?"

"పిలవదు ప్రభూ. ఆ ఇంట్లో ఆ పేరు పలకడానికి నేనొక్కణ్ణే."

రాజు నవ్వు ఆగింది. కొలువు చాలించి అందరినీ పంపేసి, గొంతు తగ్గించాడు.

"మా అమ్మ పోయాక నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు వల్లభయ్యా. నువ్వొకసారి పిలు."

వల్లభయ్య నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా "ప్రభూ" అనే వచ్చింది.

"పోనీలే," అని రాజు మళ్ళీ నవ్వి, బిడ్డ బుగ్గ తట్టి పంపించాడు.

ఇంటికి రాగానే వల్లభయ్య బియ్యం చదును చేసి, కొత్తగా రాసి, "చెన్నప్పా!" అని గట్టిగా పిలిచాడు. లోపల నాగమ్మ మజ్జిగ చిలికే కవ్వం చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ రాజు పేరేమిటో మాత్రం ఈ కథ చెప్పుకునేవాళ్ళెవరికీ తెలియదు.